మెదడులో కావర్నోమా, జీన్ టెస్ట్: నేను రోజూ వినే అపోహలు

"మాది మేనరికం కాదండీ, మరి ఇదెలా వచ్చింది?" జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్లు ఎంఆర్ఐ కవరు బల్ల మీద పెడుతూనే అడిగే ప్రశ్న ఇది. కావర్నోమా అంటే మెదడులో సన్నటి రక్తనాళాలు ఉబ్బి, పలచబడి, మల్బరీ పండులా గుత్తి కట్టడం. క్యాన్సర్ కాదు. కొందరికి ఫిట్స్‌గానో రక్తస్రావంగానో బయటపడుతుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు.

అపోహ: మేనరికమైతేనే జన్యు జబ్బులు.

మేనరికంతో ముప్పు పెరిగేది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తే వచ్చే జబ్బులకి. కుటుంబాల్లో నడిచే కావర్నోమాకి ఒక్క లోపం చాలు, అది అమ్మ వైపు నుంచైనా రావచ్చు, నాన్న వైపు నుంచైనా. ప్రతి కాన్పుకీ బొమ్మా బొరుసే, పెద్దవాడికి వచ్చింది కదా చిన్నదానికి రాదులే అనే లెక్క కుదరదు.

అపోహ: ఒకరికి ఉంటే ఇంటిల్లిపాదికీ టెస్ట్ చేయించాలి.

అక్కర్లేదు. గుత్తి ఒక్కటే ఉండి, ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే అది చాలావరకు వంశపారంపర్యం కాదు. ఒకటి కంటే ఎక్కువ ఉంటే అప్పుడు అనుమానించాలి (చిన్నప్పుడు తలకి రేడియేషన్ తీసుకున్నవాళ్ల సంగతి వేరు). ఆ లెక్క కూడా ఎంఆర్ఐలోనే ఎస్‌డబ్ల్యూఐ అనే ప్రత్యేక పద్ధతిలో (సీక్వెన్స్) చూస్తేనే సరిగ్గా తేలుతుంది, మామూలు స్కాన్‌లో ఒకటే అనుకున్న మనిషికి అందులో అరడజను నల్ల చుక్కలు కనపడ్డ రోజులున్నాయి. యాంజియోగ్రామ్‌లో కావర్నోమా సాధారణంగా కనిపించదు, అది క్లియర్‌గా ఉందని ధీమాగా ఉండకండి.

అపోహ: నెగెటివ్ వచ్చింది, ఇక టెన్షన్ లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఒకబ్బాయి, వాళ్లమ్మకి జబ్బు ఉందని తెలిసి, తనే ముందు టెస్ట్ చేయించుకున్నాడు. నెగెటివ్. ఇంట్లో స్వీట్లు పంచుకున్నారట. అమ్మ రక్తం మాత్రం ఎవరూ పంపలేదు! ముందు జబ్బున్న మనిషికి చెయ్యాలి, కేఆర్ఐటీ1, సీసీఎం2, పీడీసీడీ10 అనే మూడు జీన్లలో ఎక్కడ తప్పుందో పట్టుకోవాలి, ఆ తర్వాతే మిగతావాళ్లలో అదే తప్పుని వెతకాలి. అమ్మకి చేస్తే సీసీఎం2లో పెద్ద ముక్కే లేదని తేలింది. అబ్బాయికి చేసింది అక్షరదోషాలు చదివే టెస్టు, పేజీలే చిరిగిపోతే దానికి తెలియకపోవచ్చు. అలా జీన్‌లో ముక్కలే పోవడాన్ని (డిలీషన్) పట్టుకోవాలంటే ఎంఎల్‌పీఏ లాంటి పరీక్ష కావాలి, ల్యాబ్‌లో డబ్బు కట్టేముందే "డిలీషన్లు కూడా చూస్తారా?" అని అడగండి. మళ్లీ చేస్తే అతనికీ పాజిటివే. ఇక రిపోర్టులో వీయూఎస్ అని ఉంటే, ఆ మార్పు మంచిదో చెడ్డదో ఇంకా తేలలేదని అర్థం, దాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

అపోహ: పాజిటివ్ అంటే తలలో బాంబు.

కాదు. లోపం ఉండీ ఏ లక్షణమూ లేకుండా బతికేవాళ్లు బోలెడుమంది. పీడీసీడీ10 అయితే మాత్రం చిన్న వయసులోనే రక్తస్రావం అయ్యే అవకాశం ఎక్కువ, అందుకే ఏ జీనో తెలియడం ముఖ్యం.

ఆ అబ్బాయికి చెల్లెలుంది. "సంబంధాలు చూస్తున్నాం, తనకిప్పుడే వద్దు మేడం" అంది అమ్మ. నేను చెల్లెలి వైపు చూశాను. "ఆలోచించుకుని నేనే ఫోన్ చేస్తా" అంది. ఇంకా చెయ్యలేదు, నేనూ తొందరపెట్టలేదు.