401 గొప్పా, 301 గొప్పా?

చిన్నోడికీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరిద్దరూ కొట్టుకుంటుంటే మీ అమ్మ విసుక్కుని ఫోన్ పెట్టేసింది. నా తీర్పు నోట్లోనే ఉండిపోయింది, అందుకే ఈ ఉత్తరం. బేస్‌బాల్లో 1930లో బిల్ టెర్రీ బ్యాటింగ్ యావరేజ్ 401. మీ బోస్టన్ హీరో కార్ల్ యస్ట్రెమ్‌స్కీ 1968లో 301కే లీగ్‌లో ఫస్టొచ్చాడు, అదేం గొప్పని చిన్నోడి వాదన. పైగా 23 ఏళ్ళు ఆడి మొత్తమ్మీద 285 ఏగా అన్నాడు. బుజ్జికి ఏడుపొక్కటే తక్కువ.

మీ ఊరొచ్చిన కొత్తలో ఈ లెక్క దగ్గర నేనూ బోల్తా పడ్డాను. క్రికెట్లో పరుగుల్ని ఔటైన సార్లతో భాగిస్తాం. బేస్‌బాల్లో హిట్లని, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరిన సార్లని, బ్యాటు పట్టిన సార్లతో భాగించి, వెయ్యికి ఎన్నో లెక్కేసి చెబుతారు. నాలుగు చెడ్డ బంతులు పడితే కొట్టకుండానే మొదటి బేస్‌కి పంపిస్తారు, వాటిని వాక్‌లంటారు. అవి అందులో కలపరు. యస్ట్రెమ్‌స్కీ ఆ ఏడు 539 సార్లకి 162 హిట్లు కొట్టాడు. అంటే పదింట ఏడుసార్లు కొట్టలేకపోయాడు. అలాంటివాడికి టైటిలేంటని అప్పట్లో మీ అమ్మని అడిగితే పకపకా నవ్వింది.

మీకు 95 మార్కులొచ్చినా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటుంది కదా, "మిగతావాళ్ళకి ఎన్నొచ్చాయి?" అని. మీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. కానీ ఇక్కడ అడగాల్సింది సరిగ్గా అదే.

1930లో టెర్రీ ఆడిన నేషనల్ లీగ్ మొత్తానికి సగటు 303. మన బౌలర్లలా బంతి విసిరే పిచ్చర్లు కూడా బ్యాటు పట్టే రోజులవి, వాళ్ళని కలుపుకునే అంత! ఫిలడెల్ఫియా ఫిల్లీస్ సంగతి వింటే నవ్వొస్తుంది. జట్టు జట్టంతా కలిసి 315 కొట్టి, 102 ఆటలు ఓడి ఆఖరున నిలిచింది. వాళ్ళ పిచ్చర్లని ఎదుటివాళ్ళు అంతకంటే చితకబాదారు మరి.

1968లో అంతా తలకిందులు. యస్ట్రెమ్‌స్కీ ఆడిన అమెరికన్ లీగ్ సగటు 230. మూడొందలు దాటినవాడు మన యస్ట్రెమ్‌స్కీ ఒక్కడే, తర్వాతివాడు 290 దగ్గర ఆగిపోయాడు. పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ అప్పుడు 15 అంగుళాల ఎత్తు. మీ ఇంటి మెట్టు పక్కన స్కేలు పెట్టి చూడండి, అంత ఎత్తునుంచి విసిరితే బంతి ఎలా దిగుతుందో తెలుస్తుంది. పైగా బంతి వెళ్తే కొట్టకపోయినా బ్యాటర్ తప్పుగా లెక్కేసే ప్రాంతాన్ని, అంటే స్ట్రైక్ జోన్‌ని, 1963లో పెంచేశారు. చివరికి హిట్లు లేక ఆట చప్పబడుతోందని 1969లో దిబ్బని 10 అంగుళాలకి దించి, జోన్ తగ్గించారు.

ఇప్పుడు భాగించండి. 401ని 303తో భాగిస్తే 1.32, 301ని 230తో భాగిస్తే 1.31. చిన్నోడా, నెగ్గావు, కానీ వెంట్రుకవాసిలో! వంద తేడా అని ఎగిరావు, చివరికి మిగిలింది అదీ.

అయినా నా ఓటు బుజ్జికే. ఆ ఏడు యస్ట్రెమ్‌స్కీ 119 వాక్‌లు తీసుకున్నాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. యావరేజ్‌లో వాటికి చోటే లేదు. ఇక 285 అంటావా, 44 ఏళ్ళు నిండేదాకా బ్యాటు వదలని మనిషికి సగటు దిగక ఏమవుతుంది? హిట్లు 3,419, మన సిక్సర్లలాంటి హోమ్ రన్లు 452. అమెరికన్ లీగ్‌లో 3,000 హిట్లు, 400 హోమ్ రన్లు రెండూ అందుకున్న మొదటివాడు అతనే.

అతనికి ముందు అదే లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడినవాడు టెడ్ విలియమ్స్. 1941లో అతను 406, ఆ ఏడు లీగ్ 266. కాలిక్యులేటర్ ముట్టుకోకుండా కాగితం మీద చేసి ఆదివారం ఫోన్లో చెప్పండి. ఒకరిది ఒకరు చూడొద్దు. ఫోన్ ముందు బుజ్జికివ్వాలి, పోయినసారి చిన్నోడే మాట్లాడాడు.

మీ
తాతయ్య