మానైనా వంగే పన్ను

నలభై దాటాక పళ్లకు క్లిప్పులు పెట్టించుకుంటానంటే ఇంట్లో ముందు వినిపించే మాట, “ఈ వయసులో ఇంకేం కదులుతాయి?” ఆ మాటన్నవాళ్లనే అద్దంలో తమ కింది ముందు పళ్లు చూసుకోమనండి. పాతికేళ్లప్పుడు వరసగా ఉన్నవి యాభై వచ్చేసరికి ఒకదాని మీదొకటి ఎక్కడం చాలామందిలో కనిపించేదే. ఎవరూ వైరు వేయకుండానే కదిలాయి. మరి వయసు మార్చేది దేన్ని? దంతవైద్యం ఈ ప్రశ్న మీద వందేళ్లకు పైగా తర్జనభర్జన పడింది.

1880లో అమెరికన్ దంతవైద్యుడు నార్మన్ కింగ్స్‌లీ, పళ్లు కదిలించడానికి వయసు హద్దు దాదాపు లేదనే రాశాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి గాలి మారింది. పదహారు దాటాక పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరును శాశ్వతంగా మార్చడం ఇంచుమించు అసాధ్యమని 1901లో మెక్‌డొవెల్ అనే దంతవైద్యుడు అన్నాడు. 1912లో లిషర్ అనే మరో దంతవైద్యుడు 6 నుంచి 14 ఏళ్ల మధ్య కాలాన్ని ‘బంగారు వయసు’గా చెప్పాడు. మన ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న మాటే అది. అందులో కొంత నిజముంది. పిల్లల్లో దవడ ఇంకా పెరుగుతుంటుంది కాబట్టి ఆ పెరుగుదలనే వైద్యానికి వాడుకోవచ్చు. పెద్దల్లో ఆ అవకాశం ఉండదు, దవడలోనే తేడా బాగా ఉంటే సర్జరీ దాకా వెళ్లాలి. అయితే దవడ పెరగడం వేరు, పన్ను కదలడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టేయడంతోనే చిక్కంతా వచ్చిందని నాకనిపిస్తుంది.

పన్ను ఎలా కదులుతుందో మైక్రోస్కోపు కింద పెట్టి చూపింది స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెట్. 1904–05లో అచ్చయిన పరిశోధనలో అతను కుక్క పళ్ల మీద ప్రయోగం చేశాడు. పంటి వేరు ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు, మధ్యలో మెత్తటి పొర ఒకటి ఉంటుంది. వైరు లాగినప్పుడు వేరు ఒకవైపు ఆ పొరను నొక్కుతుంది, రెండోవైపు సాగదీస్తుంది. నొక్కిన వైపు ఎముక కరుగుతుంది, సాగిన వైపు కొత్త ఎముక పడుతుంది. మరీ గట్టిగా నొక్కితే మాత్రం అక్కడ రక్తం ఆడక కణాలు చచ్చి, గాజులా మెరిసే ముద్ద మిగులుతుంది. ఆ ముద్దను శరీరం శుభ్రం చేసేదాకా పన్ను ఉన్నచోటే ఉంటుంది.

ఈ పొర మందం ఎంతో 1937లో కూలిడ్జ్ కొలిచాడు. 11–16 ఏళ్ల వాళ్లలో సగటున 0.21 మిల్లీమీటర్లు, యాభై దాటినవాళ్లలో 0.15. వయసు పెరిగేకొద్దీ అందులో కణాలూ తగ్గుతాయి. నార్వేకు చెందిన కారె రైటాన్ 1954లో సూటిగా వయసు మీదే వ్యాసం రాశాడు. పెద్దల్లో ఈ పొరలోని కణాలు బలానికి స్పందించడం ఆలస్యమవుతుందని అతను చూపించాడు. ఆలస్యమన్నాడు, అసాధ్యమనలేదు.

ఆలస్యం మొదట్లోనేనా, చివరిదాకానా? దీనికి బాగా తేల్చిన జవాబు నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ నుంచి వచ్చింది. యీజిన్ రెన్ బృందం 2003లో ఆరు వారాల ఎలుకలనూ, 9–12 నెలల పెద్ద ఎలుకలనూ పోల్చింది. మొదట్లో చిన్నవాటి పళ్లు ముందుకెళ్లాయి, పెద్దవాటివి వెనకబడ్డాయి. ఒకసారి కదలిక గాడిన పడ్డాక మాత్రం రెండింటి వేగం ఒక్కటే. అంతకు ముందు ఏడాది అదే బృందం మనుషుల చిగుళ్ల పక్కన ఊరే ద్రవాన్ని పరీక్షించింది. బలం పెట్టిన 24 గంటలకు ప్రోస్టాగ్లాండిన్ అనే సంకేత రసాయనం పిల్లల్లోనూ పెద్దల్లోనూ పెరిగింది. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి మరికొన్ని సంకేత రసాయనాలు మాత్రం పిల్లల్లోనే పెరిగాయి. ఎముకను కరిగించే కణాలను పిలిచే కబురే పెద్దల్లో నిదానంగా వెళుతుందన్నమాట. మొదటి నెల పెద్దగా మార్పు కనిపించలేదని టెన్షన్ పడేవాళ్లకు ఈ సంగతి పనికొస్తుంది. తొందరపడి వైరు బిగిస్తే ఆ గాజు ముద్ద పెరిగి ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే పెద్దలకు తేలికపాటి బలంతో మొదలుపెడతారు.

పెద్దలు క్లినిక్‌కు రావడం పెరిగింది మాత్రం జీవశాస్త్రం వల్ల కాదు. ఒకప్పుడు ప్రతి పంటి చుట్టూ లోహపు పట్టీ తొడిగేవాళ్లు, దాంతో ఆఫీసుకు వెళ్లడం ఎవరికిష్టం? తర్వాత వైరును పట్టి ఉంచే చిన్న బ్రాకెట్లను పంటికే జిగురుతో అతికించడం వచ్చింది. 1990ల చివర్లో ఇన్విజలైన్ లాంటి పారదర్శకమైన తొడుగులు వచ్చాయి.

వచ్చిన పెద్దల్లో డాక్టర్లను వయసు కంటే చిగుళ్ల జబ్బే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎముక అరిగి వేరు సగమే పట్టులో ఉంటే, అదే బలానికి పన్ను ఎక్కువగా ఒరిగిపోతుంది. ఇంకొకటి, ఎముకలు గుల్లబారకుండా వేసుకునే అలెండ్రోనేట్ లాంటి మాత్రలు. అవి పనిచేసేదే ఎముకను కరిగించే కణాలను ఆపి, పన్ను కదలాలంటే కావలసిందేమో ఆ కణాలే. మాత్ర మానేసినా మందు ఏళ్ల తరబడి ఎముకలోనే ఉండిపోతుంది. అందుకే క్లిప్పుల కోసం వచ్చిన అరవై ఏళ్లావిడను డాక్టర్ వయసు కంటే ముందు ఆ మాత్రల గురించే అడుగుతారు.