ఫైల్ పాడైందా, చదవడం తప్పిందా?

ఫైల్‌ను ప్రోగ్రామ్‌లోకి ఇంపోర్ట్ చేయగానే తెలుగు వాక్యాలు పోయి, పిచ్చి గుర్తులు బారులు తీరతాయి. ఫైల్ పాడైందని టెన్షన్ పడతాం. చాలాసార్లు ఫైల్ భేషుగ్గానే ఉంటుంది. ఈలోగా కంగారులో సేవ్ నొక్కితేనే అసలు నష్టం.

టెక్స్ట్ ఫైల్లో ఉండేవి సంఖ్యలే. ఒక్కో బైట్ 0 నుంచి 255 వరకు ఒక సంఖ్య. ఏ సంఖ్యలు ఏ అక్షరమో చెప్పే పట్టికే ఎన్‌కోడింగ్. యూటీఎఫ్-8 అనే పట్టికలో ‘అ’ అంటే 224, 176, 133 అనే మూడు బైట్లు. వాటినే పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన విండోస్-1252 పట్టికతో చదివితే నెత్తిన గీత ఉన్న రోమన్ అక్షరం, డిగ్రీ గుర్తు, మూడు చుక్కలు వస్తాయి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైట్ 224 కాబట్టి, ఆ గీత అక్షరం పదేపదే కనిపిస్తే జబ్బేమిటో తెలిసిపోయినట్టే.

ఏ పట్టికతో రాశారో మామూలు టెక్స్ట్ ఫైల్ ఎక్కడా చెప్పదు. ప్రోగ్రామే ఊహించుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాలకు రెండు పట్టికల్లోనూ ఒకే సంఖ్యలు ఉండటంతో, ఇంగ్లిష్‌తో మాత్రమే పరీక్షించినవాళ్లకు ఈ తప్పు కనబడదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో ఒక సుగుణం ఉంది: వెనక ఎన్ని బైట్లు రావాలో మొదటి బైటే చెబుతుంది. వేరే పట్టికతో రాసిన టెక్స్ట్ ఈ నియమానికి పొరపాటున సరిపోవడం అరుదు. అందుకే ముందు యూటీఎఫ్-8గా చదివించి, పొసగకపోతేనే మరోదాని జోలికి వెళ్లమంటాను. ఎక్సెల్ ఇంపోర్ట్‌లో యూటీఎఫ్-8 65001 అనే సంఖ్యతో కనిపిస్తుంది.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే అది ఫాంట్ గొడవ, ఎన్‌కోడింగ్‌ది కాదు. నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం ఉంటే, యూటీఎఫ్-8 కాని ఫైల్‌ను యూటీఎఫ్-8గా చదివారేమో చూడాలి. వరుసగా మామూలు ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం, తెలుగు లేని పట్టికలో ఎవరో సేవ్ చేసి ఉంటారు. ఆ అక్షరాలు ఇక రావు, మూల ఫైల్ వెతుక్కోవాల్సిందే.

పిచ్చి గుర్తులనే యూటీఎఫ్-8లో సేవ్ చేసేసినా దారి ఉంది: వాటిని విండోస్-1252 బైట్లుగా వెనక్కి మార్చి, మళ్లీ యూటీఎఫ్-8గా చదివించాలి. తెలుగుకు ఇక్కడో పితలాటకం. ఆ పట్టికలో 129, 141తో సహా 5 స్థానాలు ఖాళీ. ఉకారపు కొమ్ము చివరి బైట్ 129, పొల్లుది 141! ఖాళీ స్థానాల బైట్లను కొన్ని ప్రోగ్రాములు అలాగే దాటిస్తాయి, కొన్ని పారేస్తాయి. పారేస్తే ‘తెలుగు’ అనే మాటే పూర్తిగా తిరిగి రాదు, అందులో రెండు కొమ్ములున్నాయి మరి.

వరుసలు, కాలమ్‌లు ఉన్న ఫైల్లో అంతా సరిగ్గా కనిపిస్తున్నా మొదటి కాలమ్ పేరు మాత్రం దొరకడం లేదని ప్రోగ్రామ్ మొండికేస్తే, ఫైల్ మొదట్లో కంటికి కనబడని 239, 187, 191 బైట్లు ఉన్నాయేమో చూడండి. యూటీఎఫ్-8 అని చెప్పడానికి కొన్ని సాఫ్ట్‌వేర్లు పెట్టే గుర్తు అది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘యూటీఎఫ్-8-సిగ్’ అనే ఎన్‌కోడింగ్ ఎంచుకుంటే ఆ గుర్తు ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుకుపోతుంది.