కృష్ణా, గోదావరి వచ్చినా నల్లా రాని వీధులు

ఎండాకాలం వస్తే హైదరాబాద్ శివారు కాలనీల్లో ఏటా ఇదే టెన్షన్. బోరు ఎండిపోతుంది, బుక్ చేసిన ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలీదు. ఖాళీ బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్లను ట్యాంకర్ పంపి చల్లబరచడం అధికారులకు అలవాటే. వాళ్లు అడిగేది వేరు: మా వీధికి పైపులైన్ ఎప్పుడు వేస్తారు? నీటి కోసం పెట్టిన డబ్బు ఇన్నేళ్లూ ఎటు పోయిందో చూస్తే గానీ ఈ ప్రశ్న అర్థం కాదు.

1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే నగరం దాహమూ తీర్చాయి. అవి చాలక 1965లో మంజీరా, ఆ తర్వాత సింగూరు వచ్చాయి. సింగూరు నీళ్లు ముందు మా పొలాలకివ్వండని మెదక్ రైతులు మొత్తుకున్నారు. నగరం మాటే నెగ్గింది.

అసలు కథ నల్లగొండలో ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కాళ్లు వంకర్లు తిరిగిన పిల్లలున్న జిల్లా అది. పక్కనే నాగార్జునసాగర్ ఉన్నా తాగడానికి కృష్ణా నీళ్లు లేవు. జల సాధన సమితి ఎన్నో వినతులిచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో నిలిచినవాళ్లు 480 మంది! బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. దేశమంతా నల్లగొండ వైపు తిరిగి చూసింది. ప్రభుత్వం ముందుగా చేసిన పనేమిటంటే, అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచడం. నీళ్లు మాత్రం అంత తొందరగా రాలేదు. 2004లో అదే జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి, కోదండాపూర్‌లో శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు 116 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ చేరాయి. రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. ఆ పైపులైన్ చూస్తూ ఫ్లోరైడ్ ఊళ్లవాళ్ల కడుపు మండిందంటే తప్పెవరిది?

పోనీ, నగరంలోనైనా అందరికీ అందాయా? 1989లో ఏర్పడిన జలమండలి మొదట చూసుకున్నది ప్రధానంగా పాత నగరపాలక సంస్థ పరిధినే. చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను 2007లో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. ఆస్తిపన్ను వెంటనే కలిసింది, నీటి లైన్లు కలవలేదు. ఆ శివారు సర్కిళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో ఇచ్చిన అప్పుతో రూ.1,900 కోట్ల పథకం మొదలయ్యేసరికి దాదాపు పదేళ్లు పట్టింది. పాత బస్తీల బాధ ఇంకో రకం. అక్కడ లైన్లున్నాయి, కానీ తుప్పు పట్టాయి. 2009 మేలో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి కలరా వచ్చింది, పలువురు చనిపోయారు. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే ఊళ్లో ఖాళీ పైపు పక్కనున్న మురుగును లాక్కుంటుంది. ఈ సంగతి తెలియని ఇంజనీరు ఉండడు. అయినా భూమిలో కనపడని పైపు మార్చడం కంటే కొబ్బరికాయ కొట్టి కొత్త పథకం ప్రారంభించడమే నాయకులకు ముద్దు.

2015లో 186 కిలోమీటర్ల దూరంలోని ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చింది. 2021 జనవరిలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. మంచిదే. కానీ అది కనెక్షన్ ఉన్నవాళ్లకు. ట్యాంకర్ కొనుక్కునే కుటుంబానికి ఆ ఉచితంలో చుక్క కూడా దక్కదు.

ఇప్పుడు మల్లన్నసాగర్ నుంచి మరో 20 టీఎంసీలు తెచ్చేందుకు రూ.7,360 కోట్ల గోదావరి పథకానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్లు నగరం గట్టున ఆగకుండా ఏ వీధిదాకా వెళ్తాయో, తుప్పు పట్టిన లైన్లు మార్చడానికి ఏటా ఎంత పెడతారో డివిజన్లవారీగా లెక్క బయటపెట్టమని కాలనీ సంఘాలు ఇప్పుడే అడగాలి. పైపులు దిగాక అడిగితే మళ్లీ ట్యాంకరే వస్తుంది.