పొరల బోర్డుల లైట్లు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

మా హాల్లో గోడ మీద ఒక ముగ్గు వెలుగుతుంటుంది. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు. లెక్క వేస్తే 37 చుక్కలు, చుక్కకో ఎల్ఈడీ. ఒకదాని ముందు ఒకటి నాలుగు సర్క్యూట్ బోర్డులు, మధ్యలో వాటిని ఎడంగా నిలిపే ఇత్తడి స్పేసర్లు, ఇంకేమీ లేదు. ఇలాంటిది చేయాలని వచ్చేవాళ్ళు ముందే నమ్మేసి వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి, వాటి గురించే రాస్తున్నా.

అపోహ: బోర్డు పార్టులు పట్టుకోవడానికే, అందమంతా పైన పెట్టే అక్రిలిక్ షీటుదే.

కాదండీ, అందం బోర్డులోనే ఉంది. బోర్డు చేసేది ఎఫ్‌ఆర్4తో. ఎఫ్‌ఆర్4 అంటే గాజు నారతో నేసిన బట్టని ఎపాక్సీలో తడిపి గట్టిపరచిన పలక. రాగి, మాస్కు (బోర్డు మీద వేసే రంగు పూత) రెండూ లేని చోట అది లేత పసుపుగా ఉంటుంది, కిటికీకి అడ్డం పెట్టి చూడండి, వెలుతురు దిగుతుంది. ఆ గాజు నేతే కాంతిని చెదరగొట్టి మెత్తగా చేస్తుంది. అంటే మీ చేతిలో నాలుగు ఛాయలున్నట్టు: ఏమీ లేని చోట వెచ్చని వెలుగు, మాస్కు మాత్రమే ఉంటే దాని రంగు వెలుగు, మాస్కు కింద రాగి ఉంటే చీకటి, రాగిని పైకి తేల్చి బంగారు పూత వేయిస్తే మెరుపు. నా మొదటి బోర్డులో ముగ్గు గీత వెంట ముందు వైపు రాగి తీసేశాను, వెనక గ్రౌండ్ (మైనస్ వైపు) కోసం పరిచిన రాగి సంగతి మరిచాను. బోర్డు వచ్చాక వెలిగిస్తే గీత నల్లగానే ఉండిపోయింది. రెండు వైపులా తీయాలి. ఆర్డర్ పెట్టేముందు డిజైన్‌లో ఒక్కో పొరా విడిగా ఆన్ చేసి చూసుకోండి.

అపోహ: ఎల్ఈడీలు ఎంత ఎక్కువైతే అంత బాగుంటుంది.

అసలు పని చేసేది సందు. ఎల్ఈడీల మధ్య 10 మిల్లీమీటర్లు ఉంటే ముందు పొర కూడా సుమారు అంతే దూరంలో ఉండాలి, దగ్గరైతే చుక్కచుక్కగా కనబడి కళ్ళలో గుచ్చుకుంటుంది. చుక్కలే కావాలంటే దగ్గర పెట్టండి, అది మీ ఇష్టం. నేను ముందు అట్టముక్కలు, ట్రేసింగ్ పేపరు పెట్టి రాత్రి లైట్లన్నీ ఆపేసి చూస్తాను, అటూ ఇటూ నడిచినప్పుడు వెనక పొర కదిలినట్టు అనిపించాలి, అప్పటిదాకా స్పేసర్ సైజు తేల్చను.

అపోహ: ఐదు వోల్టులే కదా, పాత ఫోన్ ఛార్జర్ చాలు.

నేను వాడేది డబ్ల్యూఎస్2812బి రకం, ఒక్కో ఎల్ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిప్పులు మూడుంటాయి. ఒక్కో రంగుకి 20 మిల్లీఆంపుల లెక్కన పూర్తి తెలుపులో ఒక ఎల్ఈడీకి 60 వేసుకోవాలి. 37 చుక్కలకి 2.2 ఆంపులు దాటుతుంది. పాత ఒక ఆంపు ఛార్జర్ అక్కడే చేతులెత్తేస్తుంది. దానికి తోడు కరెంటు ఒక చివరే ఇస్తే రెండో చివరకి వోల్టేజి పడిపోతుంది. నీలం, ఆకుపచ్చ చిప్పులకి 3 వోల్టుల దాకా కావాలి, ఎరుపుకి 2 చాలు, కాబట్టి ముందు నీలం తగ్గి తెలుపు కాస్తా నారింజ రంగుకి తిరుగుతుంది. చాలామంది దీన్ని చూసి ఎల్ఈడీలు నకిలీవని తిట్టుకుంటారు. రెండు చివర్ల నుంచీ ఇవ్వండి, సప్లై దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, డేటా తీగలో 300 నుంచి 500 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి.

ఇంకోటి, ప్రోగ్రాంలో వెలుగుని 0 నుంచి 255 దాకా అంకెతో చెప్తాం, 255లో సగం 128 అని పెడితే కంటికి సగం కనిపించదు, చాలా ఎక్కువే కనిపిస్తుంది. సగంలా కనిపించాలంటే 55 దగ్గర పెట్టాలి. రాత్రి గదికి అది ధారాళంగా సరిపోతుంది.

అపోహ: ఎల్ఈడీ వేడెక్కదు.

పై లెక్కే తీసుకుంటే పూర్తి తెలుపులో 11 వాట్లు, అదీ గాలాడని బోర్డుల మధ్య. ఎఫ్‌ఆర్4 వేడిని సరిగ్గా పోనివ్వదు. అందుకే నేను ఎల్ఈడీలన్నీ అడుగు బోర్డు మీదే పెట్టి అక్కడ రాగి నిండుగా పరుస్తాను, గీతలన్నీ పై మూడు బోర్డుల్లో. పక్కలు మూయను.

స్పేసర్ల గురించి ఒక్క మాట. ఎం3 స్పేసర్‌కి రంధ్రం మూడు మిల్లీమీటర్లే అయినా ఆరుపలకల ఒళ్ళు దాదాపు ఆరు ఉంటుంది. ఆ జాగాలో ట్రాక్ (కరెంటు మోసే రాగి గీత) పోతుంటే, బిగించేటప్పుడు మాస్కు గీసుకుపోయి షార్ట్ అవుతుంది. నాకు అలాగే ఒక బోర్డు పోయింది. రంధ్రం చుట్టూ ఏడు మిల్లీమీటర్ల గుండ్రం ఖాళీగా వదలండి, కరెంటు ఇచ్చేముందు ప్లస్‌కి గ్రౌండ్‌కి మధ్య మల్టీమీటర్ బీప్ కొడుతుందేమో చూడండి.

అపోహ: మిషన్ లేకుండా ఇంత చిన్న ఎల్ఈడీలు అతికించలేం.

ఐదు మిల్లీమీటర్ల చదరం, నాలుగు కాళ్ళు. సన్నమొన సోల్డరింగ్ ఐరన్‌తో, ఫ్లక్స్‌తో (టంకం బాగా అంటడానికి పూసేది) హాయిగా అవుతుంది. ఒక మూల చిన్న కోత ఉంటుంది, అది ఏ కాలో డేటాషీట్‌లో చూసి పెట్టండి. వానాకాలంలో ప్యాకెట్ విప్పి వదిలేయకండి, తర్వాత హాట్‌ప్లేట్ మీద పెట్టి అతికిస్తే లోపలికి చేరిన తేమ ఆ వేడికి ఆవిరై ఎల్ఈడీని పగలగొడుతుంది.

బోర్డుని ఇంట్లో రంపంతో కోసుకోవచ్చు అనేవాళ్ళకి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆ పొడి గాజు పొడి. ఆకారం ముందే ఫైల్లో గీసి తయారీవాళ్ళ చేతే కోయించుకోండి. తప్పనిసరైతే బయట, తడిపి, ముక్కుకి మంచి మాస్కు కట్టుకుని కోయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.