అక్షరం మసకగా కనిపిస్తే కార్డునే అనుమానించకండి

పిల్లల ఇంజినీరింగ్ చదువు కోసం కంప్యూటర్ కొందామని హన్మకొండ వచ్చే తల్లిదండ్రులు షాపులో తరచుగా అడిగే మాట: "గ్రాఫిక్స్ కార్డు ఎన్ని జీబీ?" పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ వాళ్లు కూడా అదే అడుగుతారు. అడగాల్సిందే. కానీ కార్డు తయారుచేసిన బొమ్మ ఒక కేబుల్ దాటి, ఒక తెర మీద వెలిగితేనే మనకు కనిపిస్తుంది. ఈ మూడింటిలో ఏది తేడాగా ఉన్నా కార్డు మీద పెట్టిన డబ్బుకు ఫలితం దక్కదు.

ముందు తెర సంగతి. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. వీటినే పిక్సెల్స్ అంటాం. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు మూడు. ఒక్కో గడికి 256 వెలుగు స్థాయిలు, అన్నీ కలిస్తే 1,67,77,216 రంగులు. తెర మీద పసుపు కనిపిస్తోందంటే నిజానికి అక్కడ పసుపు కాంతి లేదు. పక్కపక్కనే వెలుగుతున్న ఎరుపు, ఆకుపచ్చలను మన కన్ను కలిపేసుకుంటోంది. భూతద్దంతో తెరలోని తెల్లటి చోటును చూస్తే ఆ గళ్లు కనిపిస్తాయి. ఇంట్లో పిల్లలుంటే తప్పకుండా చూపించండి.

ఒక్కో రంగుకు ఒక బైటు చొప్పున లెక్కేస్తే, ఒక పూర్తి తెర బొమ్మకు దాదాపు 62 లక్షల బైట్లు, అంటే 6 ఎంబీ చాలు. మరి 8 జీబీ, 12 జీబీ మెమరీ ఉన్న కార్డులు ఎందుకు? తెరను నింపడానికి కాదు. గేమ్‌లో గోడలు, చెట్ల మీద పరిచే బొమ్మలు, ఎడిట్ చేస్తున్న వీడియో ఫ్రేములు, త్రీడీ మోడళ్లు చేతికందేలా ఉంచుకోవడానికి. టైపింగ్, కోరల్‌డ్రాలో పత్రికలు, ఆన్‌లైన్ క్లాసులు మాత్రమే అయితే, ప్రాసెసర్‌లోనే ఉండి ర్యామ్‌లో కొంత వాడుకునే గ్రాఫిక్స్ సరిపోతుంది. ఆ పనులకు విడిగా కార్డు కొనడం కన్నా ఆ డబ్బు మంచి మానిటర్‌కు పెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

కార్డు బలం అసలు ఎక్కడుందంటే, ఒకే రకం లెక్కను వేల చోట్ల ఒకేసారి చేయడంలో. ఒక పిక్సెల్ రంగు తేల్చడానికి సాధారణంగా పక్క పిక్సెల్ ఫలితం కోసం ఆగక్కర్లేదు. అందుకే కార్డు చిప్‌లో చిన్న చిన్న లెక్కల యూనిట్లు వేలల్లో ఉంటాయి. 1999లో వచ్చిన ఎన్విడియా కంపెనీ కార్డు జీఫోర్స్ 256, అప్పటిదాకా ప్రాసెసర్ చేస్తున్న త్రీడీ లెక్కల్లో కొన్నిటిని తన మీద వేసుకుంది. 2012లో ఫోటోలు గుర్తించడంలో సంచలనం రేపిన అలెక్స్‌నెట్ అనే ఏఐ ప్రోగ్రామ్‌కు శిక్షణ ఇచ్చింది కూడా రెండు గేమింగ్ కార్డుల మీదే.

సాధారణ మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మను కొత్తగా వేసుకుంటుంది, అదీ పై వరస నుంచి కింది వరస దాకా. వరంగల్ కొత్తవాడ మగ్గం మీద జంపఖానా పేక పేకగా పెరిగినట్టే. సగం నేశాక డిజైన్ మారిస్తే ఎలా ఉంటుంది? తెర సగం నిండేసరికి కార్డు కొత్త ఫ్రేమ్, అంటే తర్వాతి బొమ్మ, అందిస్తే అలాగే పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ పడి మధ్యలో చీలినట్టు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో వీ-సింక్ అనేది ఆన్ చేస్తే, తెర ఒక బొమ్మ పూర్తి చేశాకే కార్డు తర్వాతిది ఇస్తుంది.

మన అక్షరాల దగ్గర ఇంకో చిక్కుంది. 'లక్ష్మి' అని రాస్తే వత్తుల మెలికలన్నీ కొద్ది పిక్సెల్స్‌లో ఇమడాలి. అక్షరాలు పెద్దగా కనబడాలని చాలామంది రిజల్యూషన్, అంటే బొమ్మలోని చుక్కల లెక్క, తగ్గిస్తారు. అప్పుడు ఒక చుక్కను చుక్కన్నర మీద పరచాల్సి వచ్చి, వత్తులు అలుక్కుపోతాయి. రిజల్యూషన్‌ను మానిటర్ అసలు కొలతలోనే ఉంచి, సెట్టింగ్స్‌లో స్కేల్‌ను 125 శాతానికి పెంచండి. కేబుల్ కూడా చూసుకోండి. ఐబీఎం 1987లో తెచ్చిన వీజీఏ పద్ధతి కేబుల్, రంగుల అంకెలను వోల్టేజీగా మార్చి పంపుతుంది, మానిటర్ వాటిని మళ్లీ కొలుచుకోవాలి. ఆ మార్పిడిలో అంచులు మసకబారవచ్చు. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లు అంకెలను అంకెలుగానే పంపిస్తాయి.

విడిగా కార్డు కొన్నవాళ్లు కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు కాకుండా కార్డు పోర్టుకే పెట్టాలి. 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ వేసే మానిటర్ తెచ్చుకున్నా సెట్టింగ్స్‌లో 60 దగ్గరే ఉండిపోవచ్చు, అక్కడ మార్చుకోవాలి.

చివరగా వేడి. మే నెలలో రామగుండం, వరంగల్ 44, 45 డిగ్రీలకు చేరతాయి. గది గాలే అంత వేడిగా ఉంటే ఫ్యాన్ కార్డును ఎంతని చల్లబరుస్తుంది? చిప్ బాగా వేడెక్కితే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. దుమ్ము, జిన్నింగ్ మిల్లుల దగ్గరైతే పత్తి నూగు, చిప్ వేడిని బయటికి లాగే లోహపు రేకులు, అంటే హీట్‌సింక్, సందుల్లో చేరితే ఇంకా కష్టం. గేమ్ మొదట బాగా నడిచి, అరగంటకు ఆగి ఆగి నడుస్తుంటే, కొత్త కార్డు ధర కనుక్కునే ముందు కరెంటు తీసేసి, క్యాబినెట్ పక్క డోరు విప్పి ఆ సందులు శుభ్రం చేయించండి.