కొమ్మునెవరు తింటారు?

పోయిన కార్తీకంలో వనభోజనాలకని ఉదయగిరి కొండ కిందికి వెళ్లాం. అంతకుముందు వారం రోజులు ముసురు పట్టి వదిలింది. నెల్లూరు జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా! తుప్పల కింద ఎక్కడ చూసినా పుట్టగొడుగులే. పిల్లలు వాటిని లెక్కపెట్టుకుంటూ పోతుంటే బాట పక్కన బర్రె పుర్రె ఒకటి కనబడింది. ఎముక తెల్లగా ఎండిపోయి ఉంది. కొమ్ము మొదట్లో మాత్రం నిల్వ రొట్టె మీద పట్టే బూజులాంటి తెల్లటి నూగు.

"తాకబాకండ్రా, ఎవరో చేతబడి చేసి పడేసుంటారు" అంది వెనక వస్తున్న పెద్దమ్మ. పిల్లలంతా వెనక్కి తగ్గారు. మా అక్క కూతురు ఒక్కతే కదల్లేదు.

"మామా, మాంసమంటే కుక్కలు తినుంటాయి. కొమ్మునెవరు తింటారు?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎముకనైనా ముళ్లపంది సున్నం కోసం కొరుక్కుంటుంది. బర్రె కొమ్ము పైపొర అలాంటిది కాదు, అది కెరాటిన్ అనే ప్రోటీన్. మన గోళ్లు, వెంట్రుకలు, ఆవు గిట్ట, కోడి ఈక అన్నీ అదే సరుకు. (దుప్పి కొమ్ము వేరు, అది ఎముక. ఏటా రాలి మళ్లీ మొలుస్తుంది.) కెరాటిన్ చిరుత కడుపులో కూడా అరగదు. చిరుత పెంటలో వెంట్రుకలు అలాగే మిగులుతాయి కాబట్టే, వాటిని చూసి అది ఏ జంతువును తిన్నదో చెప్పగలుగుతున్నారు.

ఎందుకు అరగదు? ప్రోటీన్‌ను పేనిన తాడు అనుకోండి. దాన్ని కోసే కత్తులు ఎంజైములు. మాంసం వదులుగా పేనిన తాడు, కత్తి సులువుగా పోగుల మధ్య దూరుతుంది. కెరాటిన్ తాడులో పోగుకీ పోగుకీ అడుగడుగునా ముడులు. ఒక్కో ముడి అంటే రెండు గంధకం పరమాణువులు చేయీ చేయీ పట్టుకుని నిలబడడం. దీన్నే డైసల్ఫైడ్ బంధం అంటారు. వెంట్రుక కాలితే వచ్చే ఆ ఘాటు కంపులో గంధకం పాలు ఉంది. పార్లర్‌లో జుట్టుకు రింగులు తిప్పే మందు చేసేది కూడా ఈ ముడులు విప్పి, కొత్త వంపులో మళ్లీ వేయడమే.

అలాంటి కొమ్మును తినగలిగేది ఆ తెల్లటి నూగులాంటి బూజే. బూజుకు నోరు లేదు, కడుపు లేదు. ఎంజైములను బయటికి ఊరించి, తిండిని బయటే అరిగించి, ఆ రసం పీల్చుకుంటుంది. కానీ ముడులున్నంత వరకు కత్తి దూరదు. అందుకని అది ముందు సల్ఫైట్ అనే పదార్థాన్ని వదులుతుంది. సల్ఫైట్ వెళ్లి ముడిలోని ఒక గంధకాన్ని పట్టుకుంటే రెండోది చేయి వదిలేస్తుంది. ముడి విడుతుంది, తాడు వదులవుతుంది, అప్పుడు కత్తులు లోపలికి దిగుతాయి.

ఈ సల్ఫైట్ ఎక్కడిదో తెలిసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను! కెరాటిన్ తినేకొద్దీ గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం బూజు లోపల పేరుకుంటుంది. ఎక్కువైతే అది బూజుకే విషం. దాన్ని వదిలించుకోవడానికి అందులోని గంధకాన్ని సల్ఫైట్‌గా మార్చి బయటికి తోసేస్తుంది. తోసేసిన ఆ విషమే పోయి పక్క ముడులు విప్పుతుంది. ముడి విప్పితే తిండి, తింటే విషం, విషం కక్కితే ఇంకో ముడి.

కొమ్ములు, గిట్టల మీదే బతికే ఒనిజినా అనే శిలీంధ్రం చలి దేశాల్లో ఉంది. సిలోన్ కాఫీ తోటల తెగులును పరిశోధించిన మార్షల్ వార్డ్ 1899లో దాని మీద రాశాడు. జీర్ణరసం తగిలాక దాని బీజాలు మొలకెత్తడం చూసి, పశువుల కడుపులోంచి వెళ్లడం వాటికి పనికొస్తుందని అనుకున్నాడు.

మనకు తామర తెచ్చే శిలీంధ్రాలు దీని దాయాదులే. అవి తినేది మన చర్మం పైపొరలోని కెరాటిన్‌ను. ఇది తెలిస్తే, తామరకు మంత్రం వేయించుకుని ఊరుకోవడం ఎంత నష్టమో అర్థమవుతుంది. డాక్టర్‌ను అడక్కుండా స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని రాయడం అంతకన్నా నష్టం. దురద తగ్గుతుంది, తామర మాత్రం పాకుతూనే ఉంటుంది.

బళ్లో మాకు బూజును మొక్కల పాఠంలో కలిపి చెప్పారు. నిజానికి శిలీంధ్రాలు మొక్కలకన్నా జంతువులకే దగ్గర చుట్టాలు. వాటి కణాల గోడలో ఉండే కైటిన్, రొయ్య పెంకులో ఉండే కైటిన్ ఒకటే. ఇన్ని రొయ్యల గుంటలున్న జిల్లాలో ఈ పోలిక పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

1952లో వాన్‌బ్రూసెగెమ్ అనే బెల్జియం శాస్త్రవేత్త ఒక తేలిక పద్ధతి చెప్పాడు. మట్టిలో వెంట్రుకలు వేసి తడిగా ఉంచితే, కెరాటిన్ తినే బూజులు వాటంతటవే వెతుక్కుంటూ వస్తాయి. మేమూ చేశాం. మా గొడ్లచావిడి మట్టి గాజు గిన్నెలో పోసి, ఉడికించిన వెంట్రుక ముక్కలు చల్లి, నీళ్లు చిలకరించి మూత పెట్టి టేపు అంటించాం. ఆ బూజుల్లో తామర తెచ్చేవి కూడా ఉండొచ్చు కాబట్టి మూత మళ్లీ తీయకూడదని పాపకు గట్టిగా చెప్పాను. మూడు వారాలు ఏమీ లేదు. నాలుగో వారంలో ఒక పొద్దున గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మామా, వచ్చేశాయి!"

వెంట్రుకల చుట్టూ తెల్లటి నూగు. కొమ్ము మీద చూసినలాంటిదే.